బుర్రపెట్టె

ఆ ఏడు ఆఖరి పందెం రోజున నా చేతిలో కర్రలు రెండూ నాన్న కాళ్ళ ముందు పడేసి, "ఇక నీ సంగతి నువ్వే చూసుకో" అని వచ్చేశాను. మట్టి ట్రాకు మీద కారు నడిపేవాడికి వెనక ఏం జరుగుతోందో కనపడదు. అందుకని అతని తాలూకు మనిషి ఒకరు ట్రాకు మధ్యలో ఉండే గడ్డిలో, మూడో మలుపు దగ్గర, రంగు కర్రలు పట్టుకుని నిలబడతారు. కర్రలు దగ్గరగా పెడితే వెనకవాడు మీదికి వచ్చేస్తున్నాడని అర్థం. దూరంగా పెడితే ఫరవాలేదు, నీ పని నువ్వు చూసుకో అని. నాన్నకి ఆ కర్రల మనిషిని నేను. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ నేనే.

ఆ ఆఖరి పందెంలో ఒకడు లోపలివైపు నుంచి, అంటే నాన్నకి ఎడమ చేతి పక్క నుంచి, ముక్కు దూర్చాడు. నేను కర్రలు రెండూ ఒకదానికొకటి ఆనించి నెత్తి మీదికెత్తి పట్టుకున్నాను. నాన్న సరిగ్గా వాడి మీదికే దిగాడు. కారు వెళ్ళి గోడకి కొట్టుకుంది. ఆయనకి దెబ్బలేం తగల్లేదు. బయటికొచ్చి, హెల్మెట్ కూడా తియ్యకుండా తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"కర్రలు పట్టుకుని నిద్రపోతున్నావా?"

"చూపించాను నాన్నా."

"చూపిస్తే నేను చూడనా?"

"నువ్వు నా వైపు చూస్తేగా. ఈ వేసవంతా ఒక్కసారన్నా చూశావా?"

అలాంటి దెబ్బ ఆ వేసవిలో అది మొదటిది కాదు. ప్రతిసారీ ఎడమపక్కే తగిలేది, ప్రతిసారీ తప్పు అవతలివాడిదే అయ్యేది. నేను మాత్రం అప్పటికే తేల్చేసుకున్నాను. మైలో కుబిచెక్‌గారికి కూతురు చెబితే వినడం నామోషీ. పదేళ్ళు ఎండలో, దుమ్ములో నిలబడితే నాకు దక్కిన మర్యాద ఇదా?

మా అయోవా రాష్ట్రంలో నవంబరు వచ్చిందంటే ట్రాకు మూసేస్తారు, మళ్ళీ ఏప్రిల్‌కి గానీ తెరవరు. మంచు పడి అందరం ఇంట్లో ఇరుక్కున్నాం గానీ మాటలు మాత్రం లేవు. భోజనాల దగ్గర మా అమ్మ ఆర్లిస్ మధ్యవర్తి.

"మీ నాన్నకి ఉప్పు కావాలట."

"ఆయన ఎడమ మోచేతి దగ్గరే ఉందని చెప్పమ్మా."

"మైలో, నీ మోచేతి దగ్గరే ఉందట."

నాన్న తల మొత్తం తిప్పి, ఉప్పు డబ్బా కేసి అది ఇప్పుడే అక్కడ మొలిచినట్టు చూసి తీసుకునేవాడు. కావాలనే నన్ను ఉడికిస్తున్నాడనుకునేదాన్ని.

అమ్మ బాధ వేరు. "ఇక చాలు మైలో. ఆ కారు ఎవరికైనా ఇచ్చేద్దాం" అనేది.

"వచ్చే వసంతం ఒక్క సీజను. ఆ తర్వాత నువ్వెలా అంటే అలా."

"పోయినేడూ ఇదే పాట పాడావు."

ఇలా ఉండగా ఒక ఆదివారం మా బాబాయి గోర్డీ మంచు బూట్లతోనే వంటింట్లోకి వచ్చేశాడు. కారుకి వెల్డింగులన్నీ చేసేది ఆయనే. ఊళ్ళో కబుర్లన్నీ మా ఇంటికి మోసుకొచ్చేదీ ఆయనే.

"అన్నయ్యా, మన ట్రాకువాళ్ళంతా చలికాలం కంప్యూటర్లో పందేలు ఆడుతున్నారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం. మట్టి ట్రాకే, మన కార్లే. నిన్ను గోడకి కొట్టినవాడు కూడా ఉన్నాడు."

"బొమ్మలాటలు" అన్నాడు నాన్న. అయితే ఆ చివరి మాట చెవిలో పడ్డాక ఇంకో రెండు ఆదివారాలు ఆగలేకపోయాడు. బాబాయి ఇంటికెళ్ళి ఆడి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు. "కిటికీలోంచి తొంగిచూస్తూ నడిపినట్టుంది. తల తిప్పితే పక్కన గోర్డీగాడి మొహం కనపడుతుంది గానీ ట్రాకు కనపడదు."

"తల తిప్పితే ట్రాకే కనపడేలా చేస్తే?" అన్నాను నేను. మాట్లాడకూడదన్న పంతం మర్చిపోయి అనేశాను.

నేను పక్క ఊరి మాల్‌లో ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేసేదాన్ని. తలకి తగిలించుకునే తెరలు దుకాణాల్లోకి ఇంకా రాని రోజులవి. ఎక్కడెక్కడి పిచ్చివాళ్ళో కూర్చుని సొంతంగా కట్టుకుంటూ, ఎలా కట్టారో ఇంటర్నెట్లో రాసేవాళ్ళు. నేను అవన్నీ చదివేదాన్ని. మా ఇంట్లో సంగతి ఏమిటంటే, చేసుకోగలిగిన వస్తువుని కొనుక్కోవడం పరువు తక్కువ. కారు చట్రం దగ్గర్నుంచి కట్టెల పొయ్యి దాకా అన్నీ మా షెడ్డులో పుట్టినవే. నాన్న కాసేపు గడ్డం గోక్కుని, నా మొహం వైపు చూడకుండా, "దానికేం కావాలి?" అన్నాడు. నెల తర్వాత నాతో సూటిగా అన్న మొదటి మాట అది.

డిసెంబరంతా షెడ్డులోనే. కొట్టులో పారేసిన టాబ్లెట్లలోంచి పగలని తెర ఒకటి సంపాదించాను. తెరని రెండు సగాలుగా చీలిస్తే ఎడమ సగం ఎడమ కంటికి, కుడి సగం కుడి కంటికి. కంటికి అంత దగ్గరగా ఏదీ ఆనదు కాబట్టి మధ్యలో ఒక్కో భూతద్దం. గాల్లో ఊపితే తెరమీద బాణం కదిలే మౌసు ఒకటుండేది. దాన్ని విప్పి లోపలి చిప్పు తీసి, తల ఎటు తిరిగిందో కనిపెట్టడానికి పెట్టాను. బాబాయి తన పాత వెల్డింగు టోపీ పట్టీ ఇచ్చాడు. ముందువైపు బరువుకి ముక్కు అణిగిపోతోందంటే, నాన్న చక్రాలకి వేసే సీసం ముక్కలు తెచ్చి వెనకవైపు కట్టాడు. "కారుకైనా మనిషికైనా బరువు సరిచూడాల్సిందే" అన్నాడు. అంతా అయ్యాక దాన్ని చూసి బాబాయి, "ఇదేం బుర్రపెట్టె రా దేవుడా" అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

ముందు నాన్నే పెట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకుని వంటింటి కుర్చీలో కూర్చున్నాడు.

"సూటిగా చూడు నాన్నా. అది గుర్తు పెట్టుకుంటుంది" అని మీట నొక్కాను. ఆయన రెండు చుట్లు తిరిగి, పెదవి విరవకుండా దిగాడంటే నచ్చినట్టే. తర్వాత నేను పెట్టుకున్నాను. నా కారు దారి వదిలేసి కుడివైపు గోడ కేసి చూస్తోంది. తీసి చూశాను, వైర్లన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ నాన్నకి పెట్టి, "సూటిగా" అన్నాను. ఈసారి పక్కనుంచి చూశాను. ఆయన సూటిగా అంటే మొహం కొంచెం ఎడమకి తిరిగి ఉంది.

"నాన్నా, అది సూటి కాదు."

"ఇంతకన్నా సూటిగా చూస్తే మెడ విరుగుతుంది."

బాబాయి పడీపడీ నవ్వాడు. "ముప్పై ఏళ్ళు ఎడమకే తిరిగాడమ్మా. మెడ అలాగే బిగుసుకుపోయింది. ఈయన్ని పాతిపెట్టేటప్పుడు కూడా పెట్టె కొంచెం ఎడమకి తిప్పాలి." నాన్న కూడా నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. ఆ పూటే కంప్యూటర్లో రెండు మీటలు పెట్టాను, ఒకటి నాన్న సూటి, ఇంకోటి మిగతా లోకం సూటి. మా బుద్ధి అంతవరకే పనిచేసింది. ట్రాకు మీద బతికేవాళ్ళకి ప్రతిదానికీ కారణం ట్రాకులోనే దొరుకుతుంది.

ఇంకో చిక్కు మిగిలింది. బుర్రపెట్టెలో నాకు ప్రతి కారూ రెండుగా కనిపించేది. బాబాయికీ అంతే. పావుగంట ఆడితే తల పగిలిపోయేది. అమ్మ ఒకసారి సరదాపడి పెట్టుకుని, "ఇద్దరు మైలోలు తిరుగుతున్నట్టుంది, ఒకడితోనే చస్తున్నా" అని తీసేసింది. నాన్నకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. "అద్దంలా ఉంది. మీ కళ్ళల్లో దమ్ము లేదు" అనేవాడు. ఆదివారం ఆదివారం అందరినీ వెనక్కి నెట్టేసేవాడు. తనని గోడకి కొట్టినవాడిని రెండుసార్లు ఓడించాక ఇంట్లో ఈలపాట కూడా వినిపించింది. ఉప్పు కావాలంటే నన్నే అడిగేవాడు. కారు మరమ్మతు కూడా మొదలైంది. అమ్మ మాత్రం ఈలపాట వినపడినప్పుడల్లా గిన్నెలు కాస్త గట్టిగా కడిగేది.

నేను అద్దాలు జరుపుతూనే ఉన్నాను. జరిపినప్పుడల్లా ముందు నాన్నని అడిగేదాన్ని. ఎలా జరిపినా "బాగుంది" అనేవాడు. ఒకసారి ఎడమ అద్దం పూర్తిగా వంకరగా బిగించి ఇచ్చినా "బాగుంది" అన్నాడు. నాకు మండింది. మళ్ళీ మొదలెట్టాడు, నేనేం చేస్తున్నానో పట్టించుకోవడం లేదు అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. పందేనికి ఇంకా టైముంది, నాన్న ఊరికే చేతులు ఆడించుకుంటూ ఒంటరిగా చుట్లు తిరుగుతున్నాడు. రెండు అద్దాల్లో ఏది తప్పో తేల్చాలని అట్టముక్క ఒకటి కోసి తెచ్చాను. తెరకీ అద్దానికీ మధ్య పట్టేంత సందు ఉంది. ఒక్కొక్కటీ మూసి చూస్తే సరిపోతుంది. చెబితే కసురుకుంటాడని చెప్పకుండా, పక్కనుంచి మెల్లగా ఎడమవైపు అట్ట దూర్చాను.

పక్కనున్న మామూలు తెరమీద కారు మలుపు తిరిగింది. నిటారు దారిలోకొచ్చింది. మళ్ళీ మలుపు తిరిగింది. నాన్న చేతులు ఎక్కడా తడబడలేదు.

"ఏమన్నా తేడా ఉందా నాన్నా?"

"ఏం తేడా? నా మీద ఊపిరి వదలకు, పక్కకి జరుగు."

అట్ట సరిగ్గా పడలేదేమోనని వంగి చూశాను. ఎడమ అద్దం మొత్తం మూసుకునే ఉంది. అది తీసి కుడివైపు దూర్చాను.

నాన్న చేతులు ఆగిపోయాయి. తెరమీద కారు తిన్నగా పోయి గోడకి గుద్దుకుంది.

"కరెంటు పోయిందే" అన్నాడు నాన్న.

నెత్తిమీద ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. స్పీకర్లలోంచి ఇంజను మోత వస్తూనే ఉంది. బాబాయి చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. షెడ్డు గుమ్మంలో అమ్మ చిల్లీ పులుసు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు, అట్టముక్కని మాత్రం చూసింది. నేను దాన్ని బయటికి లాగాను.

"ఆ, వచ్చింది" అన్నాడు నాన్న.

అమ్మే, "చల్లారిపోతోంది, తిందురు రండి" అంది.

మాంసం, చిక్కుళ్ళతో ఉడికించిన చిల్లీ, దానితో దాల్చినచెక్క వేసిన తీపి రొట్టెలు, సినమన్ రోల్స్. చలికాలం ఆదివారాలు మా ఇంట్లో ఎప్పుడూ అదే. అమ్మ ఆ రోజు తన కుర్చీ వదిలేసి నాన్నకి ఎడమపక్కన వచ్చి కూర్చుంది. ఆయన ప్లేటులో రోల్ పెట్టి, చెయ్యి అక్కడే ఉంచింది. నాన్న రోల్ కోసం తల మొత్తం తిప్పాడు.

"ఎప్పటినుంచి మైలో?" అంది.

"ఏది?"

"కుడి కన్ను మూసి నన్ను చూడు."

నాన్న చేత్తో కుడి కన్ను మూశాడు. అలా చాలాసేపు ఉన్నాడు. చెయ్యి తీసేసరికి మొహం పాలిపోయి ఉంది. ఆయన్ని అంత భయపడిన మనిషిగా నేనెప్పుడూ చూడలేదు.

"మట్టి అనుకున్నాను" అన్నాడు.

అర్థం కానిది అమ్మకొక్కదానికే. నాకూ బాబాయికీ వెంటనే అర్థమైంది. హెల్మెట్ అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒకదానిమీద ఒకటి వేసుకుంటాం. మట్టి కొట్టి మసకబారితే డ్రైవరు పై పొర చింపేస్తాడు, కింద శుభ్రంగా ఉంటుంది. పోయిన వేసవంతా నాన్న పందెం సగానికి రాకముందే పొరలన్నీ చింపి పారేసేవాడు. ఇంకా ఎక్కువ పొరలు వెయ్యమని నామీద అరిచేవాడు.

"ఎడమపక్క ఎప్పుడూ మసగ్గానే ఉండేది. చింపుతూ పోయాను. చింపినా పోయేది కాదు. ఈ ఏడు మట్టి జిగటగా ఉందనుకున్నాను" అన్నాడు. ఇంట్లో అయితే మొహం తిప్పి చూసుకునేవాడు, అది అలవాటైపోయి తనకే తెలియలేదు. కారు సీట్లో తలకి రెండు పక్కలా దిమ్మలుంటాయి, మెడ తిరగదు. నేను నిలబడే గడ్డి కూడా ఆయనకి ఎడమపక్కే.

మర్నాడు అమ్మే కారు నడుపుకుంటూ కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట. ఎడమది ఇక రాదు. కుడిదానికీ మొదలైంది గానీ చుక్కలు వేసుకుంటే నిలబడుతుంది, ఇంకో ఏడాది ఆలస్యమైతే అదీ దక్కేది కాదన్నాడట డాక్టరు. అది చెప్పి అమ్మ వంటింట్లో సింకు పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆ వెధవ పెట్టె చల్లగుండాలి" అంది.

నాన్న రెండు రోజులు షెడ్డులోకి రాలేదు. మూడోనాడు వచ్చాడు. నేను కారు కింద ఉన్నాను. ఆయన వచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"అయితే ఆ రోజు నువ్వు చూపించావన్నమాట" అన్నాడు.

"చూపించాను నాన్నా."

"కర్రలు దగ్గరగా పెట్టి?"

"ఆనించి పెట్టాను. నెత్తిమీదికెత్తి."

"వేసవంతా?"

"వేసవంతా."

బూట్లు కదల్లేదు. "నువ్వే చూపించడం లేదనుకున్నాను. నామీద విసుగొచ్చి మానేశావనుకున్నాను" అన్నాడు.

నేను కారు కింద పడుకునే కాసేపు ఏడ్చాను. ఆయన నన్ను లెక్కచెయ్యలేదని నేను, నేను ఆయన్ని వదిలేశానని ఆయన. ఒక్క పలకరింపుతో తెగేది, రెండు మొండిఘటాలకి ఇంత కాలం పట్టింది. బయటికొచ్చేసరికి ఆయన నాకు గుడ్డ అందించాడు, నూనె తుడుచుకోమన్నట్టు.

"ఆ అద్దాలు ఇక నీ కళ్ళకి సరిచెయ్యి. నా కంటికి సరిచేస్తే రెండుగా కాక నాలుగుగా కనిపిస్తుంది" అన్నాడు.

నా కళ్ళకి సరిచేశాక బుర్రపెట్టెలో రెండు కార్లూ కలిసి ఒకటయ్యాయి. ఆ ఆదివారం నుంచి ఆడింది నేను. నాన్న పక్కన మామూలు తెర ముందు కూర్చుని నోరు మూయకుండా చెప్పేవాడు. "ఇప్పుడే తొక్కకు. బండి వెనకభాగాన్ని జారనీ. జారితే చావవు, జారకపోతే చస్తావు. ఆ, ఇప్పుడు తొక్కు." మొదట్లో ప్రతి గోడనీ పలకరించాను. మార్చి చివరికి మధ్యలో ఎక్కడో నిలబడగలిగాను. అప్పటికీ అదంతా ఆటేననుకున్నాను. అసలు కారు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే నాన్న గుండె పగులుతుందని నా భయం.

మంచు కరిగిన వారంలో ఆయనే పిలిచాడు. "రినే, ఇలా వచ్చి కూర్చో." కారు సీటు వైపు చూపించాడు. కూర్చున్నాను.

"కాళ్ళు చాపు."

"ఎందుకు?"

"పెడల్ అందుతుందో లేదో చూడాలిగా." వంగి చూసి బాబాయితో, "నాలుగు వేళ్ళు ముందుకి జరపాల్రా గోర్డీ. దీనివి వాళ్ళమ్మ కాళ్ళు" అన్నాడు. బాబాయి రెంచి తీసుకున్నాడు. బాబాయితో కలిసి సీటు బోల్టులు విప్పుతున్న నాన్న మొహంలో నేను భయపడిందేమీ లేదు.

అమ్మకి రాత్రి భోజనాల దగ్గర చెప్పాం. చాలాసేపు నా కేసి, నాన్న కేసి మార్చి మార్చి చూసింది. "ఒకణ్ణి దింపి ఊపిరి పీల్చుకుందామంటే ఇంకొకతి ఎక్కింది. గుండ్రంగా తిరక్కపోతే ఈ ఇంట్లో ఎవరికీ అన్నం అరగదా?" అంది. మర్నాడు నా హెల్మెట్ లోపలి మెత్తలు విప్పి ఉతికి ఆరేసింది.

ఏప్రిల్లో మొదటి పందెం. కొత్తవాళ్ళు అందరికన్నా వెనకనుంచి బయల్దేరాలన్నది మా ట్రాకు ఆచారం. నాకది సులువే. పందేనికి ముందు కారు మూడో మలుపులో ఆపమని, నాన్న కర్రలు పట్టుకుని గడ్డిలోకి నడిచాడు. నేను ఇన్నేళ్ళూ నిలబడిన చోటే నిలబడి, "కనిపిస్తున్నానా?" అని అరిచాడు.

సీటు దిమ్మల మధ్య తల కదలదు. "లేదు. ఇంకా ముందుకి" అన్నాను.

ముందుకి నడిచాడు. "ఇక్కడ?"

"ఇంకొంచెం."

"ఇక్కడ?"

నేను చెయ్యెత్తాను. ఆయన బూటుతో గడ్డిలో గీత గీసి అక్కడే పాతుకుపోయాడు. కనిపిస్తున్నానా అని ఇన్నేళ్ళలో ఆయన్ని నేనూ ఒక్కసారి అడగలేదు.

జెండా ఊపారు. మొదటి చుట్టులో నాకు మట్టి తప్ప ఏమీ కనపడలేదు. ఒక పొర చింపాను. శుభ్రమైన అద్దంలోంచి మూడో మలుపు కనిపించింది, నాన్న కనిపించాడు. కర్రలు రెండూ ఎంత దూరం పోతాయో అంత దూరంగా, చేతులు బార్లా చాచి నిలబడ్డాడు. నా వెనక ఎవరూ లేరు మరి, నేనే ఆఖరు. కారులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సగం పందెం అయ్యేసరికి ఒకణ్ణి దాటాను. వాడు ఊరుకోలేదు. తర్వాతి చుట్టులో మలుపు దగ్గరికొస్తుంటే నాన్న కర్రలు దగ్గరవుతున్నాయి. ఆ పై చుట్టులో ఒకదానికొకటి ఆనించి నెత్తిమీదికెత్తి పట్టుకున్నాడు. నాకు ఇంజను మోత తప్ప ఏమీ వినపడటం లేదు, ఎడమపక్క ఎవరున్నదీ తెలీదు. నేను కిందికి, అంటే లోపలివైపుకి, దిగలేదు. ఒక్క బండి పట్టేంత చోటు వదిలి పైనే తిరిగాను. వాడి బంపరు నా తలుపు పక్కనుంచి దూసుకొచ్చి, లోపలి మెత్తటి మట్టిలో పట్టు జారి వెనక్కి పోయింది. కొంచెం దిగి ఉంటే ఇద్దరం గోడలోనే ఉండేవాళ్ళం. మళ్ళీ మూడో మలుపుకి వచ్చేసరికి కర్రలు దూరంగా ఉన్నాయి.

ఆఖరు నుంచి రెండోదాన్నిగా వచ్చాను. కారు ఆపి కిటికీ వల దించేసరికి నాన్న అప్పటికే పక్కన ఉన్నాడు, పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు. కర్రలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. మొహం కొంచెం ఎడమకి తిప్పి, మంచి కంటితో నా వైపు చూశాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను నాన్నా. ప్రతిసారీ చూశాను."